కుటుంబ చరిత్రకు ఆధారాలు: చర్చి రిజిస్టర్లు, పహాణీలు, పర్ధాన్ల పాటలు



ప్రాథమిక ఆధారాలు అంటే ఏమిటో ఇంతకు ముందే చదువుకున్నారు. ఈ పాఠంలో వాటిని మీ సొంత కుటుంబం మీదే ప్రయోగించి చూద్దాం. తాత తండ్రి పేరు అడిగితే మనలో చాలామంది కొంచెం ఆలోచించి చెబుతాం. ఆయన భార్య పేరు అడిగితే ఆగిపోతాం.

కాగజ్‌నగర్‌లో ఉండేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాతే ఈ ఊరు పట్టణంగా ఎదిగింది. పేరు కూడా కాగితం నుంచే వచ్చింది. పని కోసం వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కాగితం తయారుచేసే ఊళ్లో ఉంటున్నా, వారి పూర్వీకుల కాగితాలు మాత్రం మరెక్కడో ఉంటాయి. కాబట్టి మొదటి పని మూల గ్రామం పేరు కనుక్కోవడం. ఇంట్లోని పాత భవిష్యనిధి నామినేషన్ పత్రం, పెళ్లి పత్రిక, బడి నుంచి తెచ్చిన టి.సి. వెతకండి. పెద్దవారిని అడిగి రాసుకోండి. గ్రామం తెలియకుండా ఏ కార్యాలయానికి వెళ్లినా ప్రయోజనం ఉండదు.

ఈ విషయంలో చెక్ దేశస్థుల అనుభవం మనకు పనికివస్తుంది. 1563లో ట్రెంట్ మతసభ ప్రతి చర్చీ బాప్తిస్మాలను, వివాహాలను నమోదు చేయాలని నిర్ణయించింది. 1784లో చక్రవర్తి రెండవ జోసెఫ్ ఆ పుస్తకాలకు నిర్ణీత నమూనాను, ప్రభుత్వ గుర్తింపును ఇచ్చాడు. వాటిని అక్కడ ‘మత్రికి’ అంటారు. ఇప్పుడవి ప్రభుత్వ అభిలేఖాగారాల్లో ఉన్నాయి. చాలావరకు ఇంటర్నెట్‌లోనే చూడవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. ఇంట్లో ‘వోయ్‌తెక్’ అని పిలిచిన మనిషి లాటిన్ పుస్తకంలో ‘అడల్‌బెర్టుస్’ అవుతాడు. అందుకే అక్కడి పరిశోధకులు పేరు కంటే ఇంటి నంబరును ఎక్కువగా నమ్ముతారు. 1770 ప్రాంతంలో ఇళ్లకు నంబర్లు వేశారు. పేరు మారినా ఆ నంబరు ఆధారంగా కుటుంబాన్ని వెంబడించవచ్చు.

మన దగ్గర ఆ ఇంటి నంబరు చేసే పని సర్వే నంబరు చేస్తుంది. నిజాం కాలపు సేత్వార్, తరువాత 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ ఇందుకు ముఖ్యమైనవి. పహాణీలో పట్టాదారు పేరుతో పాటు భూమిని అనుభవిస్తున్నవారి పేరు కూడా ఉంటుంది. కౌలుదారుల వారసులు ఆ గడిని తప్పక చూడాలి. పాత రికార్డుల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపండి: 1364 ఫసలీ అంటే 1954-55. చాలా రికార్డులు ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా గుర్తించరు, ల-ళ తేడా కూడా ఉండదు. ఐలయ్యను ఎల్లయ్యగా చదివే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు సర్వే నంబరు, తండ్రి పేరు రెండూ కలిస్తేనే అది మీ తాత అని నిర్ధారించుకోండి.

మరి భూమే లేనివారి సంగతి ఏమిటి? పాఠంలో అసలు ప్రశ్న ఇదే. పట్వారీ లెక్కలు భూమికి, శిస్తుకు సంబంధించినవి. వెట్టి చేసిన మాల, మాదిగ కుటుంబాల పేర్లు వాటిలో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. స్త్రీల పేర్లు దొరకడం ఇంకా అరుదు. ఇక్కడ చర్చి రిజిస్టరు విలువ తెలుస్తుంది. ఆంగ్లికన్ నమూనా బాప్తిస్మ పుస్తకంలో తేదీ, బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, నివాసం, వృత్తి అని గడులు ఉంటాయి. కూలి చేసుకునే తల్లి పేరు కూడా ఒక గడిలో రాయవలసిందే. పూర్వీకులు క్రైస్తవులైన విద్యార్థులకు ఇది గొప్ప అవకాశం. హైదరాబాద్ రాజ్యంలో పనిచేసిన వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. కాబట్టి ముందుగా మూల గ్రామం ఏ పాస్టరేట్ కిందికి వస్తుందో అడగండి. మిషనరీ సంఘపు ఉత్తరాలు, నివేదికలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. బాప్తిస్మంతో పేరు మారి ఉండవచ్చు. నిన్నటి పోచయ్య నేటి దేవదానం కావచ్చు. పాత పేరు ఇంట్లో పెద్దవారికే తెలుస్తుంది.

రాత లేనంత మాత్రాన వంశ చరిత్ర లేదనుకోకండి. మన జిల్లాల రాజ్‌గోండుల వంశ కథలను పర్ధాన్లు కింగ్రీ వాయిస్తూ పాడతారు. 1940లలో ఇక్కడ పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ ఆ సంప్రదాయాన్ని గ్రంథస్థం చేశాడు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ జరుగుతుంది. ఎవరు ఏ ఇంటి కోడలో అక్కడ అందరి ముందూ స్థిరపడుతుంది. నా దృష్టిలో అది కాగితం లేని వివాహ రిజిస్టరు. పర్ధాన్ పాటను రికార్డు చేయాలనుకుంటే మాత్రం ముందు అనుమతి అడగాలి, సంభావన ఇవ్వాలి. అది వారి జీవనోపాధి.

ఆధారాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే కంగారుపడవద్దు. మా తాతగారి పుట్టిన సంవత్సరం మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. నచ్చినదాన్ని ఎంచుకుని మిగతావి చింపేయమని మా ఇంట్లో సలహా ఇచ్చారు. నేను మూడూ రాసి, ఏది ఏ సందర్భంలో ఎవరు రాయించారో పక్కనే వివరించాను. మీరూ అలాగే చేయండి. ఇంకొక మాట. వెతుకుతున్నప్పుడు రెండో పెళ్లి, దత్తత, అప్పు వంటివి బయటపడతాయి. బతికి ఉన్నవారిని బాధించే వివరాలను నోటు పుస్తకంలో ఉంచండి, అసైన్‌మెంటులో రాయనవసరం లేదు.

అభ్యాసం: మీ తల్లి వైపు మూడు తరాల స్త్రీల పేర్లు, వారి పుట్టినూళ్లు సేకరించండి. ప్రతి పేరుకు ఎదురుగా అది ఎవరు చెప్పారో, లేదా ఏ కాగితంలో దొరికిందో రాయండి. దొరకని పేరు చోట గడిని ఖాళీగా ఉంచి, ఎక్కడెక్కడ వెతికారో ఒక పేరాలో వివరించండి.