అమ్మకు పాటల పెట్టె కొనేటప్పుడు

మట్టెవాడ, పోచమ్మ మైదాన్ వీధుల్లో ఇళ్లు దర్శించేటప్పుడు ఈ మధ్య మమ్మల్ని పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "పాస్టరు గారూ, అమ్మ మందిరానికి రాలేకపోతోంది. కళ్లు కనబడక బైబిలు చదువుకోవడమూ మానేసింది. పాటలూ వాక్యమూ వినడానికి చిన్న పెట్టె ఏదైనా కొనిద్దామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" అడిగేవారిలో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటూ పండుగకు వచ్చిన పిల్లలు. వారికి రెండు రోజుల సెలవు ఉంటుంది. చౌరస్తాకు వెళ్లి కంటికి నచ్చింది కొని, చిప్పు నిండా పాటలు ఎక్కించి, అమ్మ మంచం పక్కన పెట్టి బండెక్కుతారు. నెల తరువాత మేము వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో ఆ పెట్టె బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. చెడిపోయి కాదు. అమ్మకు దాన్ని వాడడం రాక.

అందుకే ఈ వారం ఈ సంగతే రాస్తున్నాము. డబ్బు పెద్దగా అయ్యే వస్తువు కాదు గాని, తోడు లేని మనిషికి రోజులో ఎన్నో గంటలు తోడుండే వస్తువు.

ఫోను ఉంది కదా, మళ్లీ పెట్టె ఎందుకని కొందరు అంటారు. ఫోను చక్కగా వాడుకునే పెద్దలు ఉన్నారు, వారికి ఇది అక్కరలేదు. కాని టచ్ ఫోనుకు తడిమితే తెలిసే మీటలు ఉండవు. చూపు మందగించిన వారికి అది నున్నటి గాజు పలక, అంతే. ముసలివారి వేళ్లు ఆరిపోయి ఉంటాయి, తాకితే ఒక్కోసారి పలకదు. పాట మధ్యలో ప్రకటన వస్తుంది, ఎవరో లోను ఇస్తామని ఫోను చేస్తారు, నెల తిరిగేసరికి రీచార్జి అయిపోతుంది. పెట్టెకు ఈ బాధలు లేవు.

ఈ పెట్టె మన చేతికి వచ్చిన దారి చిన్నదేమీ కాదు. సోనీ వాక్‌మన్ జపానులో అమ్మకానికి వచ్చింది 1979 జూలైలో. పాటను పదో వంతుకు కుదించే ఎంపీత్రీ పద్ధతిని జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ముందుండి తయారుచేశారు, 1995లో ఆ ఫైళ్లకు ఆ పేరు స్థిరపడింది. 1998లో కొరియా నుంచి మొదటి జేబు ప్లేయరు వచ్చింది. 2001లో వచ్చిన ఐపాడ్‌ను 2022లో ఆపిల్ ఆపేసింది. ఖరీదైనవి అలా వచ్చి వెళ్లిపోయాయి, మన వీధి దుకాణంలో మిగిలింది అరచేతి పెట్టె. స్పీకరు, చిప్పు గాడి, పెన్‌డ్రైవ్ గాడి, ఎఫ్‌ఎం, బ్లూటూత్, ఒక్కోదానికి టార్చి లైటు కూడా. పెద్దవారికి కావలసింది పాటలు వెతికే యంత్రం కాదు, మీట నొక్కితే పాడే పెట్టె అని వ్యాపారులూ గ్రహించారు. 2017లో సరిగమ కంపెనీ పాత హిందీ పాటలు 5000 ముందే నింపి కార్వాన్ పేరుతో రేడియోలాంటి పెట్టెను తెచ్చింది. అది తల్లిదండ్రులకు పిల్లలిచ్చే బహుమతిగా దేశమంతా అమ్ముడుపోయింది.

చదువు రానివారికి వినిపించాలన్న తపన మాత్రం అంతకంటే ఎంతో పాతది. హోండురాస్‌లో సేవచేసి జబ్బుతో అమెరికాకు తిరిగివచ్చిన జాయ్ రిడర్‌హాఫ్ అనే మిషనరీ, 1939లో లాస్ ఏంజిలిస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ అనే పనిని మొదలుపెట్టారు. కరెంటు లేని ఊళ్ల కోసం ఆ సంస్థవారు అట్టముక్కను మడిచి గ్రామఫోను చేశారు. పెన్సిలు ముక్కతో రికార్డును చేత్తోనే తిప్పుకోవాలి. మీటలు తక్కువ ఉన్న వస్తువే ఎక్కువమందికి పనికొస్తుందని ఆ అట్టపెట్టె ఆనాడే చూపించింది.

ఇక దుకాణానికి వెళ్దాం. దుకాణదారు మొదట చేసే పని, సినిమా పాట ఒకటి పెట్టి దడదడలాడించడం. ఆ మోత చూసి కొనకండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. సకారం, తకారంలాంటి హల్లులు సరిగా అందవు, అందుకే "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. మోత ఎక్కువైన స్పీకరు ఆ హల్లులను ఇంకా ముంచేస్తుంది. కాబట్టి పాట కాదు, ఎవరైనా చదువుతున్న మాటల రికార్డు ఒకటి చిప్పులో వేసుకుని వెళ్లి అది పెట్టించి వినండి. నాలుగడుగుల దూరంలో నిలబడి ప్రతి మాటా స్పష్టంగా అందుతోందా చూడండి. వీలైతే అమ్మనే వెంటబెట్టుకెళ్లండి, ఆమె చెవే అసలు పరీక్ష.

రెండో పరీక్ష చాలామందికి తట్టదు. మూడో ఫైలు సగంలో ఉండగా పెట్టెను ఆపి, మళ్లీ వేయండి. ఆగిన చోటు నుంచి మొదలైందా, ఆ ఫైలు మొదటికి వెళ్లిందా, లేక చిప్పులోని మొట్టమొదటి ఫైలుకే పోయిందా? మూడో రకమైతే వద్దనండి. రోజూ నిద్రపట్టేవరకు వినేవారికి అలాంటి పెట్టెలో ఆదికాండము మొదటి అధ్యాయమే జీవితాంతం వినబడుతుంది.

మీటలు ఉబ్బెత్తుగా, ఒక్కొక్కటీ ఒక్కో పనికే ఉండాలి. ఒకే మీట మెల్లగా నొక్కితే తరువాతి పాట, నొక్కిపట్టుకుంటే ధ్వని పెరగడం అనే ఏర్పాటు కుర్రకారుకు సరే, వణికే చేతికి సరిపడదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మోడ్ మీట. పొరపాటున తగిలితే ఇంగ్లీషులో గట్టిగా "బ్లూటూత్ మోడ్" అని అరిచి పాట ఆగిపోతుంది. అమ్మ చెడిపోయిందనుకుని పక్కన పెట్టేస్తుంది. పెట్టె బీరువా మీదికి చేరేది సాధారణంగా ఈ రోజునే. ఆ మీట మీద మందపాటి టేపు అంటించండి. పాడించే, ఆపే మీట మీద ఎంసీల్ ముద్ద కందిగింజంత పెట్టి ఆరనిస్తే వేలికి తెలుస్తుంది. అమ్మకు ఆకాశవాణి వరంగల్ వినే అలవాటుంటే మాత్రం టేపు వేయకుండా, మోడ్ మీటకు వేరే గుర్తు పెట్టి నేర్పాలి.

బ్యాటరీ విప్పి మార్చుకునే రకమైతే మేలు. పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ రకం బ్యాటరీతో నడిచే పెట్టెలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అది ఉబ్బితే ఇంకొకటి వేసుకోవచ్చు, లోపలే అతికించిన బ్యాటరీ పోతే పెట్టే పోతుంది. బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయా చూడండి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మంచం మీద, దిండు పక్కన ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. టైప్-సి గాడి ఉన్న చవక పెట్టెల్లో కొన్ని, రెండు కొసలూ ఒకేలా ఉండే కొత్త తీగతో ఛార్జి కావు. పాత ఛార్జరుకు పెట్టే వెడల్పాటి కొస ఉన్న తీగనే వాడాలి. తెలియనివారు పెట్టె పాడైందని తిరిగి ఇచ్చేస్తుంటారు.

చిప్పు దగ్గరికి వస్తే, పెద్దది కొననక్కరలేదు. ఎంపీత్రీలో మామూలు నాణ్యతతో ఒక నిమిషానికి ఒక ఎంబీ చాలు. 32 జీబీ చిప్పులో ఐదు వందల గంటలకు పైగా పడుతుంది. అంతకంటే పెద్ద చిప్పులు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో తయారై వస్తాయి, చవక పెట్టెలు చాలావరకు పాత ఫ్యాట్32 పద్ధతినే చదవగలవు. మరీ చవకగా దొరికే చిప్పు మీద రాసిన సంఖ్యను నమ్మకండి. 64 అని రాసి లోపల 8 ఉన్నవి బజారులో తిరుగుతున్నాయి. నింపిన తరువాత చివరి ఫైలు పాడించి చూస్తే బండారం బయటపడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ పెట్టెలకు అక్షరాలు చదవడం రాదు. చాలా పెట్టెలు ఫైళ్లను పేరును బట్టి కాక, చిప్పులోకి చేరిన క్రమాన్ని బట్టి పాడతాయి. పేరును బట్టి పాడేవాటిలో కొన్ని 1 తరువాత 10, ఆ తరువాత 100, 101 అని పోతాయి, 2 ఎక్కడో వెనుక వస్తుంది. అందువల్ల సిలువ ముందు, గెత్సెమనే వెనుక వినబడుతుంది. యోసేపు కథ గుంటలో ఆగి ఐగుప్తు అధిపతి అయ్యాక మళ్లీ గుంటలోకి వస్తుంది. మంచం మీద ఉన్న పెద్దమ్మ అది పెట్టె తప్పని అనుకోదు, తన మతి తప్పుతోందేమోనని భయపడుతుంది. ఇది మేము విన్న మాటే.

మందు సులువు. ఖాళీ చిప్పు తీసుకోండి. ఫైళ్లకు 001, 002, 003 అని మూడంకెల పేర్లు పెట్టండి. అన్నీ ఒకేసారి కుమ్మరించక, వరుస తప్పకుండా కొద్దికొద్దిగా ఎక్కించండి. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు ఆపిల్ ల్యాప్‌టాప్‌తో ఎక్కిస్తే, కంటికి కనబడని చిన్న ఫైళ్లు కూడా చిప్పులో చేరతాయి. పెట్టె వాటినీ లెక్కలో వేసుకుంటుంది కనుక వాటిని తీసేయాలి.

బైబిలులో 1189 అధ్యాయాలు. అన్నిటినీ, వాటి మీద వెయ్యి పాటలనూ ఒకే చిప్పులో పోసి ఇవ్వడం ప్రేమే గాని, అందులో అమ్మ దారి తప్పుతుంది. ఒక చిప్పులో ఒకటే ఉంచడం మంచిది. కొత్త నిబంధన ఒకదానిలో, అంటే 260 అధ్యాయాలు. పాటలు ఒకదానిలో. కీర్తనల గ్రంథం ఒకదానిలో. ఫోనులా అంకెల మీటలు ఉన్న పెట్టె దొరికితే ఇక్కడ గొప్ప సౌకర్యం ఉంది. కీర్తనలు మాత్రమే వరుసగా ఉన్న చిప్పు వేసి 23 నొక్కితే ఇరవై మూడో కీర్తనే వస్తుంది, 119 నొక్కితే 176 వచనాల ఆ పెద్ద కీర్తన వస్తుంది. సంఖ్యలు నోటికి తెలిసిన పెద్దలు మన సంఘాల్లో చాలామంది, చదువు రానివారిలో కూడా. ఐదో అంకె మీద చిన్న బుడిపె ఉంటే చూపు లేకున్నా మిగతావి తడిమి పట్టుకోగలరు.

పాటలు ఎక్కడివి అన్నది కూడా చూడాలి. వందకో రెండు వందలకో చిప్పు నింపి ఇచ్చే దుకాణాలు అందరికీ తెలిసినవే. అందులో క్రైస్తవ పాటలూ ఉంటాయి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ నిజమైన మత ఆరాధనలో పాట పాడినా, రికార్డు వినిపించినా తప్పు కాదంటుంది. కాని అనుమతి లేకుండా రికార్డులను కాపీ చేసి అమ్మడం ఆ మినహాయింపులోకి రాదు. దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా అని 63వ సెక్షన్‌లో ఉంది. పాత పాట కదా, ఎవరిదీ కాదు అనే మాటలో సగమే నిజం. పురుషోత్తమ చౌదరి గారు 1890లో గతించారు, ఆయన రచనల మీద హక్కుల కాలం ఎన్నడో తీరింది. అదే కీర్తనను నిరుడు ఒకరు పాడి రికార్డు చేస్తే, ఆ రికార్డు మీద 60 ఏళ్ల హక్కు వేరేగా ఉంటుంది. ఆ గాయకులు చాలామంది మనవంటి సంఘాల వారే, అప్పుచేసి స్టూడియోకు కట్టినవారు. ఒక ఫోను చేసి అడిగితే కాదనేవారు తక్కువ. డబ్బు పుచ్చుకుంటామంటే ఇవ్వడం న్యాయం.

ధ్వని గురించి ఒక్క మాట. మన వాడల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి మనకు స్తుతిగా వినిపించేది, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పక్కింటివారికి నిద్రాభంగం. పెట్టెను కిటికీలో కాక మంచం తలాపున పెడితే తక్కువ ధ్వనితోనే సరిపోతుంది. ఇయర్‌ఫోను వాడితే 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే పెద్దగా పెట్టుకుని రోజంతా వినడం ఉన్న వినికిడికీ చేటు.

చివరగా, పిల్లలు చేయగలిగి చేయని పని ఒకటుంది. మీ గొంతు ఆ చిప్పులో పెట్టండి. ఫోనులో రికార్డు చేసినది చాలావరకు ఎం4ఏ ఫైలుగా ఉంటుంది, వాట్సాప్‌లో పంపే మాట ఓపస్ అనే మరో రకం. చవక పెట్టె రెండింటినీ చదవదు, ఏమీ లేనట్టు దాటేస్తుంది. కంప్యూటరులో ఆడాసిటీ, వీఎల్‌సీ వంటి ఉచిత ప్రోగ్రాముతో వాటిని ఎంపీత్రీగా మార్చాలి. ఐదు నిమిషాల పని. మనవరాలు తెలుగు తడబడుతూ చదివినా పరవాలేదు, దిద్దకండి. దానికి 151 అని పేరు పెట్టి కీర్తనల చిప్పులో చివర ఎక్కించి, నూట యాభై ఒకటి నొక్కమని అమ్మకు చెప్పి వెళ్లండి.