గోల్ఫు క్లబ్బు కాడపై గీతలు

పెన్సిలులోని గ్రాఫైటు మిక్కిలి మెత్తనిది. కాగితముపై రాచినంతనే పొరలు పొరలుగా ఊడి నల్లని చార ఏర్పరచును. ఆ పదార్థము పేరే గల కాడతో గోల్ఫు ఆటగాడు బంతిని రెండు వందల మీటర్లకు పైగా ఎట్లు కొట్టగలుగుచున్నాడు? అట్టి కాడపై గీత పడినచో దానిని వాడవచ్చునా, పారవేయవలెనా? కాడ లోపలి నిర్మాణమును తెలిసికొన్నచో ఈ రెండు ప్రశ్నలకును సమాధానము దొరకును.

గోల్ఫు బంతిని కొట్టు సాధనమును క్లబ్బు అందురు. చేతితో పట్టుకొను పిడి, బంతిని తాకు తల, ఈ రెంటిని కలుపు పొడవైన కాడ దాని భాగములు. పూర్వము కాడలను హికరీ అను అమెరికా చెట్టు కలపతో చేయుచుండిరి. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూసు సంఘము 1929లో ఉక్కు కాడలకు అనుమతి నిచ్చిన పిమ్మట కొయ్య కాడలు క్రమముగా మూలబడెను. 1969 ప్రాంతమున అమెరికాలో ఫ్రాంక్ థామస్ అను ఇంజనీరు గ్రాఫైటు కాడను రూపొందించెను. ఉక్కు కాడలు సాధారణముగా 100 నుండి 130 గ్రాములు తూగును. గ్రాఫైటు కాడలలో పెక్కు 50 నుండి 80 గ్రాములు మాత్రమే తూగును. కాడ తేలికయైన కొలది ఆటగాడు క్లబ్బును వేగముగా త్రిప్పగలుగును.

గ్రాఫైటు అనునది ఇచ్చట వాడుక పేరు మాత్రమే. నిజమునకు ఇది సన్నని కర్బన తంతువులను రెజిను అను జిగురులో పొదిగి చేసిన పదార్థము. గ్రాఫైటులో కర్బన పరమాణువులు పలుచని రేకులుగా అమరియుండును. ఒక రేకులోని పరమాణువుల నడుమ బంధము అతి దృఢము. రేకుకు రేకుకు నడుమ బంధము అతి బలహీనము. పెన్సిలులో రేకులు ఒకదానిపై నొకటి జారును గనుక అది మెత్తగా నుండును. తంతువులో రేకులు దాని పొడవు వెంబడి బారులు తీరియుండును. అందుచే తంతువును లాగినపుడు దృఢమైన బంధములే ఆ బలమును భరించును. ఇట్టి తంతువులపై అమెరికాలో రోజర్ బేకన్ 1958లోను, తరువాత కొలది కాలమునకు జపానులోని ఒసాకాలో అకియో షిండో, ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ప్రభుత్వ విమాన పరిశోధనాలయ శాస్త్రజ్ఞులు కృషి చేసిరి. తంతువు మందము 7 మైక్రాన్ల ప్రాంతము, అనగా తలవెండ్రుకలో సుమారు పదవ వంతు. లాగినపుడు సాగకుండ నిలుచుటలో అది ఉక్కుకు తీసిపోదు. బరువులో ఉక్కునందు నాల్గవ వంతును మించదు.

కాడను తయారుచేయుటకు రెజినుతో తడిపిన తంతువుల పలుచని రేకులను ఉక్కు కడ్డీపై చుట్టుదురు. కొన్ని రేకులలోని తంతువులు కాడ పొడవు వెంబడి ఉండి అది వంగుటను అడ్డుకొనును. మరికొన్ని 45 డిగ్రీల వాలులో నుండి మెలిపడకుండ కాపాడును. పిమ్మట దానిని కొలిమిలో వేడిచేసి, రెజిను గట్టిపడగా కడ్డీని లాగివేసి, పైభాగమును సానపట్టి, రంగును దానిపై పారదర్శకమైన పూతను వేయుదురు. మనకు కనబడు నిగనిగ ఆ పూతది. బలమంతయు దాని క్రింది తంతువులది. ఈ భేదమును మరువరాదు.

కాడపై గీతలు ఆటలో కంటె మోతలోనే ఎక్కువగా పడును. క్లబ్బులను సంచిలో నిలిపి మోయునపుడు ఇనుప తలలు ప్రక్కవాని కాడలను కొట్టుకొనును. సంచి అంచు కాడను ఒరయుచుండును.

గీతకు మనము భయపడవలసిన కారణమేమి? గాజు పలకపై వజ్రముతో సన్నని గీత గీసి కొద్దిగా వంచినచో అది గీత వెంబడి విరుగును. పగులు మొనవద్ద బలము కేంద్రీకృతమగునని 1913లో ఇంగ్లిస్ గణితము ద్వారా చూపెను. పగులు లోతు దాని మొన వ్యాసార్థమునకు 100 రెట్లున్నచో మొనవద్ద ప్రతిబలము సుమారు 20 రెట్లగును. పెళుసు పదార్థములలో పగులు ఎప్పుడు సాగునో గ్రిఫిత్ 1921లో వివరించెను. ఆయన పనిచేసినదియు ఫార్న్‌బరోలోనే యగుట విశేషము.

కాని కాడ గాజు వంటిది కాదు, వెదురు వంటిది. అడ్డముగా సాగు పగులు తంతువును చేరునప్పటికి, తంతువుకు రెజినుకు నడుమనున్న బలహీనమైన సంధి విడివడి పగులును ప్రక్కకు మళ్ళించును. ఈ మర్మమును 1964లో కుక్, గార్డన్ అను వారు విశదపరచిరి. కావున పూతలోని ప్రతి గీతయు కాడను విరుచునని భయపడ నక్కరలేదు.

అయినను తంతువులే తెగినచో సంగతి వేరు. కాడ వంగునపుడు దాని వెలుపలి పొరలే అన్నిటికంటె ఎక్కువ శ్రమ పడును. ఉదాహరణమునకు 10 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము, 7 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము గల గొట్టమును తీసికొందము. అంతటను ఒకే పదార్థమున్నచో, వంగకుండ నిలుచు దాని శక్తి ఈ వ్యాసముల నాల్గవ ఘాతముల భేదమును బట్టి యుండును. పైనుండి చుట్టును 0.1 మిల్లీమీటరు అరిగినచో వెలుపలి వ్యాసము 9.8 మిల్లీమీటర్లగును. అప్పుడు పదార్థము 8 శాతము తగ్గగా, వంగకుండ నిలుచు శక్తి 10 శాతము తగ్గును. వెండ్రుక కంటె కొంచెము మందమైన పొరకే ఇంత నష్టము!

కావున గీతను మొదట పరీక్షింపవలెను. కాడను సబ్బునీటితో మెత్తని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మంచి వెలుతురులో చూడవలెను. తరువాత చిన్న దూది ఉండను దానిపై మెల్లగా జరుపవలెను. దూది తగులుకొనక జారిపోయి, గోరు కూడ ఆగకున్నచో గీత పూతలోనే యున్నదని తలంపవచ్చును. దూది పోగులు చిక్కుకొన్నచో తంతువులు తెగి పైకి లేచినవని అర్థము. అప్పుడు వ్రేలితో తడుమరాదు. ఆ ముక్కలు చర్మములో గుచ్చుకొనును. గీత దిక్కును కూడ గమనింపవలెను. పొడవు వెంబడి పడిన గీత కొలది తంతువులనే తాకును. అడ్డముగా పడిన గీత అంతే లోతులో పెక్కింటిని తెంచును. కాడను చుట్టివచ్చిన పగులు, నొక్కిన మెత్తబడు చోటు, వంచిన వినవచ్చు కిరకిర శబ్దము అపాయ సూచనలు.

పూత గీతకు చికిత్స సులభము. గోళ్ళకు వేయు రంగులేని పాలిషును పలుచగా పూసి ఆరనిచ్చిన చాలును. ఇది అందమునకు, పూత మరింత లేవకుండుటకు మాత్రమే, బలమును పెంచదు. గీత పోవువరకు గరుకు కాగితముతో రుద్దుట తప్పు. పైన చూపిన లెక్కయే అందుకు కారణము. రంగును కరిగించు ద్రావకములను వాడరాదు. తంతువులు తెగిన కాడకు పై పూత మందు కాదు. దానితో ఆడుట మాని, క్రొత్త కాడ వేయింపవలెను.

ఈ జాగ్రత్త ఎందులకో ఒక లెక్క చెప్పును. డ్రైవరు అను పెద్ద క్లబ్బు తల సుమారు 200 గ్రాములు. నేర్పరి దానిని సెకండుకు 45 మీటర్ల వేగముతో త్రిప్పును. అపుడు దాని గతిజశక్తి సుమారు 200 జౌళ్ళు. ఒక కిలోగ్రాము రాయి 20 మీటర్ల ఎత్తునుండి పడి నేలను తాకునపుడు గల శక్తియు ఇంతే. కాడ విరిగి ఆ తల ఎగిరిపోయినచో ఎదుట నున్నవారి గతి ఊహింపవచ్చును. ఆటగాని చేతిలో మిగులు తునుకయు వాడిమొనలు గలదే. ఇక గీతలు పడకుండుటకు తలలకు మెత్తని తొడుగులు, సంచిలో గుడ్డ పరచిన అరలు చాలును.

ఈ సూత్రమును తరగతిలో చూపుటకు గోల్ఫు క్లబ్బు అక్కరలేదు. ఒకే వెదురు నుండి ఒకే మందము గల రెండు బద్దలను చీల్చుడు. ఒకదాని నున్నని వెలుపలి భాగమున చాకుతో పొడవునా గీత గీయుడు. రెండవదానిపై అదే లోతున అడ్డముగా గాటు పెట్టుడు. గాటు వెలుపలికుండునట్లు రెంటిని మెల్లగా వంచుడు. ముఖమునకు దూరముగా పట్టుకొని ఉపాధ్యాయుడే దీనిని చేయుట మేలు. మొదటిది చాల వరకు వంగును. రెండవది గాటువద్ద పెటపెటమని లేచి, చీలిక పొడవు వెంబడి ప్రక్కకు మళ్ళును. పగులు ఎట్లు మళ్ళునో, తెగిన పీచు మరల ఎందుకు బలము నీయదో విద్యార్థులు కన్నులార చూతురు. సైకిలు చట్రములలోను, చేపల గాలపు కర్రలలోను, విమానముల రెక్కలలోను నేడు ఈ పదార్థమే వాడుకలో నున్నది. గీత ఎంత పొడవని గాక, ఎంత లోతు, ఏ దిక్కు, ఏమి తెగినదని అడుగుట అన్నింటికిని వర్తించును.