గ్రేటర్ నోయిడాలో రెండు విచారణలు

గ్రేటర్ నోయిడా: ‘విచారణ’ అన్న మాటకు తెలుగునాట రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. న్యాయస్థానంలో జరిగేది ఒకటి కాగా, కతోలిక క్రైస్తవులు తమ గుడికి, దాని పరిధిలోని విశ్వాసుల సమూహానికి పెట్టుకున్న పేరు రెండోది. దేశ రాజధాని శివార్లలోని ఈ కొత్త నగరంలో ఇల్లు కొనుక్కుని స్థిరపడదలచిన వేలాది కుటుంబాలకు గత కొన్నేళ్లలో మొదటి విచారణతో పరిచయం తప్పలేదు. కతోలిక కుటుంబాల విషయానికి వస్తే, నిరాశకు లోనుకాకుండా నిలదొక్కుకునేందుకు వారికి రెండో విచారణ ఆసరాగా ఉంటున్నది.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1991 జనవరిలో గ్రేటర్ నోయిడా పారిశ్రామికాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. 1997లో గౌతమబుద్ధ నగర్ జిల్లా అవతరించింది. 2011 జనాభా లెక్కల నాటికి లక్షకు కాస్త మించిన పట్టణమే అయినప్పటికీ, పరిశ్రమలు, ఇంజినీరింగ్ కళాశాలలు, 2019 జనవరిలో ప్రారంభమైన ఆక్వా లైన్ మెట్రో రైలు ఇతర రాష్ట్రాల ఉద్యోగులను ఇటు ఆకర్షించాయి. ఢిల్లీలో ఇల్లు కొనలేని మధ్యతరగతి వారు ఇక్కడి బహుళ అంతస్తుల భవనాలపై ఆశ పెట్టుకున్నారు.

ఆ ఆశ చాలామందికి అడియాస అయింది. ఆమ్రపాలి సంస్థ నోయిడా, గ్రేటర్ నోయిడాలలో తలపెట్టిన గృహ సముదాయాలు నిలిచిపోవడంతో 42 వేలకు పైగా కొనుగోలుదారులు న్యాయం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. వారు చెల్లించిన సొమ్ము దారి మళ్లిందని నిర్ధారించిన సుప్రీంకోర్టు 2019 జులై 23న ఆ సంస్థ ‘రెరా’ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసి, మిగిలిన నిర్మాణాన్ని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. అదే ఏడాది నవంబరులో, దేశవ్యాప్తంగా ఆగిపోయిన గృహ పథకాల పూర్తికి రూ.25,000 కోట్ల నిధిని కేంద్రం ప్రకటించింది. అయితే ఈ మధ్యకాలంలో ఒకవైపు బ్యాంకు వాయిదా, మరోవైపు ఇంటి అద్దె కడుతూ గడిపిన సంసారాల ఇబ్బంది ఏ తీర్పుతోనూ పూర్తిగా తీరేది కాదు.

ఇటువంటి స్థితిలో ఉన్న కుటుంబానికి గుడి ఏమివ్వగలదన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు శ్రీసభ చట్టంలోనే ఉన్నది. 1983 నాటి కతోలిక శ్రీసభ స్మృతి ప్రకారం, ఒక విచారణ పరిధిలో మూడు నెలలు నివసించినవారు, లేదా అంతకాలం ఉండాలన్న ఉద్దేశంతో వచ్చినవారు ఆ విచారణకు చెందినవారే అవుతారు. అక్కడి గురువు వారికి కూడా విచారణ గురువే. ఇందుకు సొంత ఇల్లు ఉండాలన్న నియమం గాని, చందా కట్టాలన్న నిబంధన గాని లేవు. అద్దె ఇంట్లో ఉన్నవారికీ ఇదే హక్కు. ప్రతి ఆదివారం తన విచారణ ప్రజలందరి కోసం దివ్యబలిపూజ అర్పించడం గురువుకు విధి. నిన్న మొన్న ఊళ్లోకి దిగి, ఆయనకు ఇంకా ముఖపరిచయమైనా లేని కుటుంబం కూడా ఆ ప్రార్థనలో చేరినట్లేనన్నది గమనార్హం.

2011 లెక్కల ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో క్రైస్తవులు కేవలం 0.18 శాతం. ఇంత స్వల్ప సంఖ్యలోనూ వైవిధ్యం తక్కువేమీ కాదు. లాటిన్ సంప్రదాయం పాటించేవారికి ఈ జిల్లా ఆగ్రా అగ్రపీఠం కిందికి వస్తుంది. కేరళకు చెందిన సీరో మలబార్ సంప్రదాయస్థుల కోసం 2012లో ఏర్పడిన ఫరీదాబాద్ మేత్రాసన పరిధిలోకి కూడా ఇదే జిల్లా వచ్చింది. మలయాళం, తమిళం, తెలుగు, కొంకణి మాట్లాడే వలస కుటుంబాలకు స్వగ్రామాల్లో తాతల నాటి నుంచి బంధువర్గం ఉంటుంది. ఇక్కడ ఆ స్థానాన్ని ఆదివారం గుడిలో పక్కన కూర్చున్నవారే భర్తీ చేయాలి.

కొత్త ఊరికి వచ్చినంత మాత్రాన పాత ఊరితో బంధం తెగిపోదు. జ్ఞానస్నానం ఏ గుడిలో జరిగితే ఆ గుడి పుస్తకంలో ఆ వ్యక్తి పేరు శాశ్వతంగా ఉంటుంది. తరువాత ఎక్కడ వివాహమైనా ఆ సంగతిని తెలియజేసి, తొలి పుస్తకంలో నమోదు చేయించాలని శ్రీసభ చట్టం నిర్దేశిస్తున్నది. గుంటూరు జిల్లా గ్రామంలో జ్ఞానస్నానం పొందిన యువతికి గ్రేటర్ నోయిడాలో పెళ్లయితే, ఆ వివరం స్వగ్రామపు పుస్తకంలో చేరవలసిందే.

కతోలికుల ఆరాధనకు కేంద్రమైన ‘యూకరిస్తు’ అన్న గ్రీకు మాటకు అర్థమే కృతజ్ఞత. కష్టాలు తీరిన తరువాత చెప్పే ధన్యవాదం ఇది కాదు. కష్టం కొనసాగుతున్న వారంలోనూ ఆదివారం రాగానే చెప్పేది. ఈ భావం మాటలకే పరిమితం కాకుండా చూసే వ్యవస్థలు కూడా విచారణల్లో ఉన్నాయి. 1833లో పారిస్ నగరంలో పుట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘం ఇందుకు ఉదాహరణ. దాని సభ్యులు పేదల ఇళ్లకు స్వయంగా వెళ్లి కష్టసుఖాలు తెలుసుకుని సాయం చేస్తారు.

రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని ‘గృహ శ్రీసభ’గా అభివర్ణించింది. ఈ మాటలోని బలం 2020లో తేటతెల్లమైంది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలై ప్రార్థనాలయాలు మూతపడ్డాయి. జూన్ 8 నుంచి తిరిగి తెరిచేందుకు అనుమతి లభించేవరకు జపమాల, బైబిలు పఠనం, పిల్లల జ్ఞానోపదేశం అన్నీ ఇంటి నాలుగు గోడల మధ్యనే సాగాయి. గుడిలో హిందీ, ఇంగ్లీషు వినిపించే ఈ ప్రాంతంలో తల్లిభాషలో ప్రార్థన నేర్పే బడి ఇప్పటికీ ఇల్లే.

మొక్కు తీర్చుకోవడమన్నది ఉత్తరాదికీ కొత్తకాదు. మీరట్ జిల్లా సర్ధనాలో బేగం సమ్రూ 1822లో కట్టించిన కృపల మాత దేవాలయానికి 1961లో పోపు 23వ జాన్ బసిలికా హోదా ఇచ్చారు. ఏటా నవంబరులో అక్కడికి యాత్రికులు తరలివస్తారు. 1924లో మరియమాత స్వరూపం ప్రతిష్ఠించిన విజయవాడ గుణదలకు ఫిబ్రవరిలో వచ్చే భక్తుల మాదిరిగానే, అడిగేందుకు వచ్చేవారితో పాటు పొందినందుకు కృతజ్ఞత చెప్పేందుకు వచ్చేవారూ వీరిలో ఉంటారు. రెండు చోట్లా ఇతర మతస్థులు కూడా కనిపించడం విశేషం.

పోపు ఫ్రాన్సిస్ 2025ను ‘ఆశా యాత్రికులు’ అన్న నినాదంతో జూబిలీ సంవత్సరంగా ప్రకటించి, 2024 డిసెంబరు 24న ప్రారంభించారు. 2025 ఏప్రిల్ 21న ఆయన మరణించగా, వారసుడు 14వ లియో 2026 జనవరి 6న దానిని ముగించారు. మొదలుపెట్టినవారు ముగింపు చూడకపోయినా యాత్ర ఆగలేదు.

ఆగిపోయిన ఫ్లాటు తాళం చెవి ఇప్పించే శక్తి విచారణకు లేదు. అది న్యాయస్థానాలు, ప్రభుత్వాలు చేయవలసిన పని. ఆ పని పూర్తయ్యేవరకు ఇంటి పెద్దకు జ్వరం వస్తే పలకరించేవారు, పిల్లవాడికి జ్ఞానస్నానమైతే పక్కన నిలిచేవారు, ఆపదలో కబురందితే వచ్చేవారు కావాలి. అద్దె ఇంట్లో ఉంటున్న కుటుంబం ఈ ఊళ్లో తనకూ మనుషులున్నారని చెప్పుకోగలగడం, అందుకు ప్రతి ఆదివారం కృతజ్ఞత చెప్పుకోవడం విచారణ ఇవ్వగలిగిన ఆస్తి.