మనోవ్యాధికి మందు కలదు

ఎద్దు ఒకపూట మేత ముట్టకున్నచో రైతు ఊరకుండడు. నెమరు వేయుచున్నదో లేదో కనిపెట్టును. ప్రొద్దు గ్రుంకకమునుపే పశువైద్యునికి కబురంపును. ఆ రైతే పదునైదు దినములుగా కూడు సహింపక, నిదుర పట్టక, పొలమువైపు కాలు సాగక కూర్చుండినచో, ఇంటివారు “అప్పుల దిగులు, అదే పోవును” అందురు. “మనోవ్యాధికి మందు లేదు” అను సామెత యొకటి మనవారి నోట నానుచున్నది. అది నిజము కాదని తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇట్టివాడు మనసు బాగులేదని చెప్పడు. తలనొప్పి యనియో, నడుమునొప్పి యనియో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవును. అచటి వైద్యునికి ఒక్కొక్క రోగితో అరగంట మాటలాడు తీరిక యుండదు. కావున వైద్యుని ప్రక్కన, మనసు సంగతి నెరిగి మాటలాడువా రొక రుండుట యవసరము.

గోవాలో 10 ఆరోగ్య కేంద్రములయందు ఈ పద్ధతిని పరీక్షించిరి. 2013 మొదలు 2015 వరకు తీవ్రమైన దిగులుతో నున్న 495 మందిని చేర్చుకొని, సగముమందికి వైద్యుని చికిత్స మాత్రమును, తక్కినవారికి దానితోపాటు సలహాదారుల సాయమును ఏర్పరచిరి. ఈ సలహాదారులు వైద్యులు కారు. శిక్షణ పొంది, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసిన సామాన్యులు. వారమున కొకమారు, అరగంట మొదలు నలువది నిమిషముల చొప్పున, ఆరు నుండి ఎనిమిది మార్లు, రోగి యింటికి పోయి గాని కేంద్రములో గాని మాటలాడిరి.

ఆ చికిత్సలో మంత్రము లేదు. మనసు క్రుంగినవాడు పనులు మానును. మానినకొలది దిగులు హెచ్చును. కావున మానిన పనులలో చిన్నదాని నొకదానిని ఎన్నుకొని ఆ వారము చేయించుట, ఎదురైన చిక్కును విడదీసికొనుట నేర్పుట, ఇంతియే. మూడు నెలలకు చూడగా సలహాదారుల సాయము పొందినవారిలో నూటికి 64 మంది, పొందనివారిలో నూటికి 39 మంది తేరుకొనిరి.

ప్రత్తి రైతుల యాత్మహత్యలకు పేరుపడిన విదర్భలోను, అమరావతి జిల్లాయందలి 30 గ్రామములలో ఇట్టి ప్రయత్నమే జరిగినది. ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, అవసరమైనవారిని సలహాదారులకును వైద్యులకును చూపించిరి. మొదట దిగులు వ్యాధి గలవారిలో నూటికి నలుగురే సాయము కోరుచుండగా, ఒకటిన్నర సంవత్సరమునకు 27 మంది కోరిరి. గడప యొద్దకు వచ్చి యడుగువా రున్నచో రైతు నోరు విప్పునని దీనివలన తేలుచున్నది.

మన దేశమున 1996లో ఆరంభమైన జిల్లా మానసికారోగ్య పథకము ననుసరించి మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు మొదలగువారితో జిల్లా కొక బృందము పనిచేయవలెను. కాని యొక్క బృందము ఊళ్లన్నిటికి చేరజాలదు గదా! 2022 నుండి 14416 అను నంబరునకు టెలిఫోను చేసి, రేయింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

మాటలు అప్పు తీర్చవనుట నిజమే. వాయిదాల సంగతి సంఘ కార్యదర్శితో వేరుగా ముచ్చటింపవలసినదే. అయినను మనసు విరిగినవానికి దారి యెదుట నున్నను కానరాదు.

కావున సభ్యులారా! పొరుగు రైతు పదిమందిలోనికి రాక తప్పించుకొనుచున్నచో, అతని యరుగుమీద ఒకగడియ కూర్చుండుడు. చావు మాట యెత్తినచో నవ్వి త్రోసివేయక, ఒంటరిగా విడువక, అనాడే వెంట బెట్టుకొని వైద్యుని కడకు తీసికొనిపొండు. పురుగుమందు డబ్బాకు తాళము వేసి, తాళపుచెవి వేరొకరి చేత నుంచుడు. ఎద్దునకు చేయు పాటి కనికరము మనిషికిని చేయుదము.