ధాన్యములో దాగిన విషము

చేలో కలుపు పెరిగినచో దిగుబడి తగ్గునని అందరికీ తెలిసినదే. కాని కొన్ని కలుపుమొక్కల వలన కలుగు నష్టము అంతటితో ఆగదు. వాటి గింజలు ధాన్యముతో పాటు వంటింటికి చేరి ప్రాణములనే తీయగలవు.

1975లో సర్గూజా జిల్లాలోని గిరిజన గ్రామములలో ఒక వ్యాధి చెలరేగినది. ఈ జిల్లా అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండెను. నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. రోగుల కాలేయము పెరిగి, పొట్టలో నీరు చేరెడిది. పొట్టలో నీరు చేరుటనే జలోదర మందురు. లెక్కకు వచ్చిన 67 మందిలో 28 మంది మరణించిరి.

అక్కడివారి ఆహారము గోండ్లి అను చిరుధాన్యము. అవి మన సామలే. ఆ ధాన్యములో క్రోటలేరియా అను కలుపుమొక్క గింజలు కనబడినవి. మన పొలములలో పచ్చిరొట్టకు వేయు జనుము కూడ ఈ ప్రజాతిలోనిదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులును ఈ వ్యాధిని పరిశోధించి, 1977లో ఫలితములను ప్రకటించిరి.

ఈ గింజలలో పైరోలిజిడీన్ ఆల్కలాయిడులు కలవు. పశువులు, పురుగులు తినకుండ మొక్క తయారుచేసుకొను రక్షణ పదార్థము లివి. విచిత్రమేమనగా, ఇవి ఉన్న రూపములో అంత హానికరములు కావు. శరీరములో చేరిన విషములను మార్చి బయటికి పంపుట కాలేయము పని. ఆ ప్రయత్నములోనే కాలేయపు ఎంజైములు వీటిని తీవ్రమైన విషముగా మార్చును. ఆ విషము పుట్టినచోటనే కణములను, సన్నని సిరల లోపొరను దెబ్బతీయును. సిరలు మూసుకొనిపోగా రక్తము కాలేయము నుండి బయటికి పోజాలదు. కాలువ పూడినచో మడి నిండి గట్టు ఊరునట్లు, రక్తములోని ద్రవము ఊరి పొట్టలో చేరును.

ఇట్టిదే మరియొక ఉదాహరణము. 1974–76 మధ్య ఆఫ్ఘనిస్థాన్‌లోని హెరాత్ రాష్ట్రమున, తీవ్రమైన అనావృష్టి తరువాత, గోధుమలలో హీలియోట్రోపియం గింజలు కలిసినవి. వాటిలోను ఈ ఆల్కలాయిడులే ఉన్నవి. పరీక్షించిన 7,200 మందిలో 22.6 శాతమునకు కాలేయవ్యాధి లక్షణములు కనబడినవి. కరవు కాలమున దొరికిన గింజను ఏరి పారవేయుటకు ఎవరికి మనసొప్పును? అందుచేతనే బీదవారికి ఈ ముప్పు ఎక్కువ.

వండినంత మాత్రమున ఈ విషము నశించదు. పైగా ఇది కొద్దికొద్దిగా, రోజుల తరబడి శరీరములో చేరి హానిచేయును కనుక తిన్నవారు తిండిని అనుమానింపరు. కాబట్టి కలుపు కాయకముందే దానిని పెరికివేయవలెను. ధాన్యమును జల్లించి, చెరిగి, ఏరవలెను. విత్తనములను మరింత శ్రద్ధతో శుభ్రపరుపవలెను. విత్తనములో మిగిలిన కలుపుగింజ మరుసటి యేడు చేనంతటను మొలచును.

విద్యార్థులు గుప్పెడు ధాన్యమును తెల్లకాగితముపై పరచి, వేరు గింజలను ఏరి, భూతద్దముతో పరిశీలింపవచ్చును. వాటిని నోట పెట్టుకొనరాదు.