చారులో చింతపండు, బోరులో ఫ్లోరైడ్



నల్గొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో పచ్చిపులుసు లేకుండా ఎండాకాలం గడవదు. ఆ పులుపు వెనుక ఉన్న కెమిస్ట్రీకి మన పిల్లల పళ్లతో కూడా సంబంధం ఉంది.

పులుపు ఎక్కడిది?
మామిడి పండితే తియ్యబడుతుంది. చింతకాయ పండినా పులుపు పోదు. కారణం అందులోని టార్టారిక్ ఆమ్లం. చింతపండుతో తోమితే రాగి చెంబు మెరిసేది కూడా ఇందుకే: పైనున్న నల్లటి ఆక్సైడ్ పొరను ఆ ఆమ్లం కరిగిస్తుంది.

పళ్లకు ఏమవుతుంది?
మన నేల కింద ఉన్న గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి చేరుతుంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. సుమారు 8 ఏళ్ల వరకు పిల్లల శాశ్వత దంతాల ఎనామిల్ చిగుళ్ల లోపలే తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లపై తెల్ల మచ్చలు, గోధుమ రంగు చారలు వస్తాయి.

చింతపండు ఏం చేస్తుంది?
హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 18 మంది బాలురకు 18 రోజులు మధ్యాహ్న భోజనంలో 10 గ్రాముల చొప్పున చింతపండు ఇచ్చారు. మూత్రంలో బయటకు పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగిందని 2002లో ప్రచురించారు.

ఏం చేయదు?
ఇది చిన్న అధ్యయనం. చింతపండు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసేయదు, వచ్చిన మచ్చలను పోగొట్టదు. చారు మంచిదే, కానీ మంచినీళ్లకు బదులు కాదు.

ఇంట్లో పాటించండి
• తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్లు వాడండి. బోరు నీళ్లే దిక్కైతే ముందు పరీక్ష చేయించండి.
• నీళ్లు కాచినా, గుడ్డతో వడగట్టినా ఫ్లోరైడ్ పోదు. కాచిన కొద్దీ చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ తగ్గిస్తుంది.
• పాలు, పెరుగు, రాగులు పెట్టండి. వాటిలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి పట్టకుండా కొంత ఆపుతుంది.
• చింతపండును కూరలో, చారులోనే ఇవ్వండి. ఉత్తగా చప్పరిస్తే ఆ ఆమ్లమే ఎనామిల్‌ను అరగదీస్తుంది.
• పళ్లపై మచ్చలు కనిపిస్తే దంత వైద్యునికి చూపించండి.