లేజర్ తాకిన పంటికి సిమెంటు పట్టేనా?

దంతవైద్య కళాశాల ఉన్న అమలాపురంలోనైనా, రాజోలు, కొత్తపేటల్లోనైనా పిప్పిపన్ను బాగుచేయించుకోబోయేవారికి లేజర్ అనగానే మనసు లాగడం సహజం. డ్రిల్లు రొద లేదు, అదురు లేదు, చాలాసార్లు మత్తు సూదీ అక్కర్లేదు. కానీ పుచ్చు తీయడం సగం పనే. తీసిన చోట పెట్టే పంటిరంగు సిమెంటు ఏళ్ల తరబడి ఊడకుండా ఉండాలి. ఆ రెండో సగంలో లేజర్ వల్ల ఒరిగేది తక్కువ, తర్వాత డాక్టరు తీసుకునే శ్రద్ధ వల్ల ఒరిగేది ఎక్కువ.

ముందు ఏ లేజరో తెలియాలి. చిగుళ్లకు వాడే డయోడ్ లేజర్‌తో పన్ను చెక్కరు. పంటికి వాడేది ఎర్బియం రకం. అందులో ఎక్కువగా వాడే లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 2940 నానోమీటర్లు. దాన్ని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. పంటిలోని తేమ రెప్పపాటులో ఆవిరై పేలి, పంటిని రేణువులుగా ఎగరగొడుతుంది. డ్రిల్లు తొలిచిన చోట పొడి మేటవేసి, ఎనామిల్ కింది పొర అయిన డెంటిన్‌లోని సన్నటి నాళికల నోళ్లు మూసేస్తుంది. లేజర్ తాకిన చోట ఆ పొడి ఉండదు, పైగా గరుకుతేలి ఉంటుంది. ప్లాస్టరింగుకు ముందు మేస్త్రీ గోడకు గాట్లు పెట్టినట్టే కదా, పట్టు ఇంకా పెరగాలి కదా అంటే, మైక్రోస్కోపులో చూస్తే నిజమే అనిపిస్తుంది. అయితే సిమెంటును అతికించే జిగురు డెంటిన్‌కు పట్టేది గరుకుతనం వల్ల కన్నా కొల్లాజెన్ పోగుల వల్ల. జిగురుకు ముందు పూసే ఆసిడ్ ఖనిజాన్ని కరిగించాక బయటపడే ఆ పోగుల సందుల్లోకి జిగురు ఇంకి గట్టిపడుతుంది. జపాన్‌కు చెందిన నకబయాషి బృందం 1982లో వర్ణించిన మిశ్రమ పొర ఇదే. లేజర్ వేడికి పైపైన ఉన్న పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సందులే పూడితే జిగురుకు దారెక్కడ? అతికించిన సిమెంటును లాగి చూసే కొన్ని పరీక్షల్లో పట్టు తగ్గినట్టు తేలడానికి ముఖ్య కారణం ఇది. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కాబట్టి అక్కడ ఈ బెడద లేదు. అయినా 1955లో దంతవైద్యుడు బ్యూనకోర్ చూపిన ఫాస్ఫారిక్ ఆసిడ్ పద్ధతిని పక్కన పెట్టే స్థాయికి లేజర్ రాలేదు; పైగా లేజర్ బీటలు కూడా మిగిల్చిపోతుంది.

ఇలా పీకేసిన పళ్ల మీద ప్రయోగశాలలో వచ్చిన లెక్కలు నోట్లోని పళ్లకు సరిపోతాయా అని అడగవచ్చు. నేరుగా సరిపోవు. పైగా డ్రిల్లుకూ లేజర్‌కూ తేడా లేదన్న పరీక్షలూ ఉన్నాయి. ఈ పొంతన లేకపోవడమే అసలు సంగతి చెబుతోంది: ఎంత శక్తి వాడారు, నీళ్ల జల్లు ఎలా ఉంది, ఏ జిగురు పూశారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతోంది. అందుకే ‘లేజర్ ఉందా?’ అని కాక, ‘లేజర్ అయ్యాక ఆసిడ్ పెడతారా, ఏ జిగురు వాడతారు?’ అని అడగాలి. రోజూ ఎండుకొబ్బరి నమిలే పెద్దల దవడ పంటికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. డ్రిల్లు చప్పుడు వింటేనే నోరు బిగించే పిల్లలకైతే పట్టు కాస్త తగ్గినా లేజరే మేలు. పాలపన్ను ఎలాగూ కొన్నేళ్లకు ఊడిపోయేదే.